జామచెట్టుకు కట్టిన నీలం పేలిక

నేను పుట్టు పిరికిదాన్ని. దీనికి ఎవరినీ తప్పు పట్టను. మార్కాపురం బోర్డింగు స్కూల్లో చదువుకునే రోజుల్లో బల్లిని చూసి బెంచీ ఎక్కితే తోటి పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. అటువంటి నన్ను తీసుకొచ్చి కంభంలో వేశారు. ట్రైనింగు పూర్తయి ఆడపిల్లల స్కూల్లో ఉద్యోగం వచ్చిందన్న సంతోషం ఆ రోజు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. కంభం అన్న మాట వినగానే ఇరుగుపొరుగు వాళ్ళు చావు కబురు విన్నట్టు మొహాలు పెట్టారు. అప్పట్లో మేమంతా మద్రాసు సర్కారు కింద, కర్నూలు జిల్లాలో ఉండేవాళ్ళం. ఆ జిల్లాలో కంభానికి బదిలీ అంటే గుమాస్తాలు సెలవు పెట్టి దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాళ్ళని చెప్పుకునేవాళ్ళు. కారణం ఒకటే, చలిజ్వరం.

మా నాయన ఉపదేశి. పల్లెపల్లెకూ తిరిగి ప్రార్థనలు పెట్టించడం ఆయన పని. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పెళ్ళికాని కూతుర్ని ఒంటరిగా పంపలేక తనూ పెట్టె సర్దుకుని నాతో వచ్చాడు. "దేవుడుండాడు, క్వినైనుండాది. ఇంక నీకు భయమేందమ్మా?" అన్నాడు రైల్లో. ఆయనకు దేవుడి మీదా ఆ జ్వరం బిళ్ళల మీదా సమానంగా నమ్మకం. నాకు రెండూ తోడున్నా భయం పోలేదు.

స్కూల్లో చేరిన కొద్ది రోజులకే మా పెద్ద టీచరమ్మ పిలిచి ప్రకృతి పాఠం నాకు అప్పజెప్పింది. పుస్తకంలో బొమ్మ చూస్తే చాలదట. ఊళ్ళో పచ్చగా ఉన్న చోటల్లా నడిచి చూడాలట. ఒక్కో పిల్లకు ఒక్కో చెట్టు ఇవ్వాలి. అది ఎప్పుడు ఆకు రాలుస్తుందో, ఎప్పుడు చిగురు వేస్తుందో, ఏ పిట్ట వచ్చి వాలుతుందో ఏడాది పొడుగునా ఆ పిల్లే చూసి చెప్పాలి. "ముందు నువ్వు తిరిగి మంచి చెట్లు ఎంచి పెట్టుకో" అంది ఆవిడ, పేము కుర్చీలోంచి కదలకుండా. తిరగమని చెప్పేవాళ్ళు ఎప్పుడూ కూర్చునే చెబుతారు.

అలా మొదలైంది నా నడక. పొద్దున్నే బడికి ముందొకసారి, సాయంత్రం బడి వదిలాక ఇంకోసారి. స్టేషను దారిలో వేపచెట్లు. అక్కడినుంచి సాయిబుల గోరీలు, వాటి మధ్య గుబురుగా గోరింట పొదలు. అది దాటితే సంతకు వచ్చిన బండ్లు విడిచే చింతతోపు. తోపు వెనక పెద్ద చెరువు కట్ట, కట్ట దిగితే తోటలు. అరటి, పసుపు, నిమ్మ, జామ, కళ్ళు నిండిపోయేంత పచ్చదనం. చుట్టూ ఎండకు మాడిపోయే ఊళ్ళ మధ్య అంత చల్లటి చోటు చూస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. నాకు మాత్రం గుండె జారేది. ఎందుకంటే పచ్చగా ఉన్న చోటే నీళ్ళు నిలుస్తాయి, నీళ్ళు నిలిచిన చోటే దోమ ఉంటుంది, దోమ ఉన్న చోటే జ్వరం. ఇది నాకు ట్రైనింగులో నేర్పారు. ఏమీ తెలియకుండా ఉంటే హాయిగా నడిచేదాన్నేమో.

జ్వరం ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. గోరీల దగ్గర పిచ్చికుక్క తిరుగుతోందని ఎవరో చెప్పారు. చింతతోపులో కోతులు చేతిలోది లాక్కుంటాయి. జామ పండే రోజుల్లో నల్లమల దిగి ఎలుగుబంటి తోటల్లోకి వస్తుందని మా పాలామె చెప్పింది, చెప్పి ఊరుకోకుండా అది మనిషి మొహం ఎట్లా చీరుతుందో చేత్తో చూపించింది కూడా. ఆ రోజునుంచి అరటాకు కదిలినా నా పై ప్రాణాలు పైనే పోయేవి. ఒకసారి పసుపు మడిలోంచి నల్లటి గేదె తల ఎత్తితే, కట్ట మీదకి ఎట్లా ఎక్కానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంకో సంగతి. ఆ ఊళ్ళో ఆడమనిషి నడిచిందంటే నెత్తిన గంపో చంకన బిందో ఉండాలి. ఏ పనీ లేకుండా చెట్టు దగ్గర ఆగి, తలెత్తి చూసి, బెరడు తడిమి, ఇంకో చెట్టు దగ్గరకు పోయే మనిషిని నేనొక్కదాన్నే. జనం చూసేవాళ్ళు. నన్ను అడిగేవాళ్ళు కాదు, వాళ్ళలో వాళ్ళు ఏదో అనుకునేవాళ్ళు. వెనకనుంచి ఆ చూపులు తగిలి అడుగు వేగం పెంచేదాన్ని.

మంచి చెట్లు ఎంచాక పిల్లలు పోల్చుకోవాలి కదా అని నా పాత నీలం చీర చించి పేలికలు చేశాను. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, ఇది నీ చెట్టు, ఇది నీ చెట్టు అంటూ చెట్టుకో పేలిక కట్టాను. "మీరే కట్టండి" అంటే పిల్లలు ఒక్కరూ ముందుకు రాలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని ఒకరి వెనక ఒకరు నక్కారు. ఆడపిల్లలకు సిగ్గెక్కువ అనుకుని అన్నీ నేనే కట్టాను. కట్ట కింద జామతోటలో కంచె పక్కన ఉన్న చెట్టుకు ఆఖరి పేలిక కట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత వారం వారం వెళ్ళి చూస్తే ఒక్క పేలికా చెక్కు చెదరలేదు. ఒక్కరూ ఊడదీయలేదు, ముట్టుకోలేదు. పైగా ఆ చెట్ల కింద దారి ఖాళీగా ఉండేది. సంతకు వచ్చేవాళ్ళు కూడా చింతతోపులో నా చెట్టును వదిలి దూరంగా బండ్లు విడిచేవాళ్ళు. నాయనతో గొప్పగా చెప్పుకున్నాను, ఈ ఊరివాళ్ళకు చదువంటే ఎంత మర్యాదో చూడు నాయనా అని. ఆయన కూడా సంతోషించి ఆ ఆదివారం ప్రసంగంలో ఆ మాట కలిపాడు.

ఆ మర్యాద ఏమిటో ఒక సాయంత్రం జామతోట కంచె దగ్గర తెలిసింది.

నేను మామూలుగా కట్ట దిగి వస్తున్నాను. కంచె దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన పార పట్టుకుని ఒక మగమనిషి. నన్ను చూడగానే మాటలు ఆగిపోయాయి. వెనక్కి తిరగబోతే అటునుంచీ ఇద్దరు వచ్చి దారికి అడ్డం నిలబడ్డారు.

ముందు నిలబడిన ఆమెను నేను ఎరుగుదును. ఆ తోట కౌలుకు చేసేవాళ్ళ ఆడమనిషి. అంతకు ముందు ఒకటి రెండుసార్లు దోరజామకాయ కోసి ఇచ్చి, "తినమ్మా పంతులమ్మా" అంది కూడా. ఆ రోజు ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. చేతిలో పొడుగాటి కంపపుల్ల, దాని కొసన నా నీలం పేలిక వేలాడుతోంది. పామును ఎత్తి పట్టుకున్నట్టు దాన్ని తనకు దూరంగా పట్టుకుంది.

"ఎవురి జొరం తెచ్చి నా చెట్టుకు కట్టి పోయినావమ్మా?" అంది.

నాకు అర్థం కాలేదు. "జ్వరమేమిటక్కా? అది పాఠం కోసం కట్టాను" అన్నాను.

"పాఠమా? చెట్టుకు పాఠమేంది?" అన్నాడు పారమనిషి. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు వాళ్ళే తలా ఒక మాట చెబితే తెలిసింది. ఆ పక్క ఊళ్ళలో చలిజ్వరం విడవకుండా పట్టుకుంటే, జ్వరం ఉన్నవాళ్ళ బట్ట చించి చెట్టుకు కట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. జ్వరం చెట్టు మీద ఉండిపోతుంది. ఆ పేలికను ఎవరు విప్పితే వాళ్ళకు పట్టుకుంటుంది. బోర్డింగు గోడల మధ్య, నాయన ప్రార్థనల మధ్య పెరిగిన నాకు ఈ సంగతి చెప్పినవాళ్ళు లేరు. నా పిల్లలకు తెలుసు. పంతులమ్మకు చెబితే కొడుతుందేమోనని నోరు మూసుకున్నారు. ఊరు ఊరంతా నాకు ఒంటినిండా జ్వరాలున్నాయనీ, రోజుకొకటి తెచ్చి చెట్లకు తగిలిస్తున్నాననీ అనుకుంటోంది.

తోట ఆమె కూతురు, ఇంకా మాటలు సరిగ్గా రాని పాప, జామచెట్టు కింది కొమ్మకున్న పేలిక విప్పి కొయ్యబొమ్మకు చీర కట్టింది. మర్నాడు వణుకు మొదలైంది. వణుకు తగ్గితే మంట, మంట తగ్గితే చెమట, ఒక రోజు విడిచి మళ్ళీ వణుకు. ఆ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా ఎవరో ఒకరికి ఉండే జ్వరమే. పేలిక విప్పకపోయినా వచ్చేదే. ఈ మాట ఆ కళ్ళలోకి చూసి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"నా బిడ్డకేమన్నా అయితే నిన్ను ఈ కట్ట దాటి పోనీను" అంది ఆమె. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే అంత భయపడేదాన్ని కాదు.

నన్ను తోటలోని కొట్టం దగ్గరకు తీసుకుపోయారు. పాప నులకమంచం మీద గోనెసంచుల కింద ఉంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. మొహం పసుపు కొమ్ములా అయిపోయింది. ఒంటి మీద చెయ్యి వేసి చూశాను. ఎలుగుబంటినీ పిచ్చికుక్కనూ తలుచుకుని నేను పడ్డ భయాలన్నీ ఆ వేడి ముందు ఎందుకూ పనికిరాలేదు. ఈ పిల్ల బతకదేమో అనిపించింది.

"అక్కా, మా ఇంట్లో క్వినైను ఉంది. ఇప్పుడే తెస్తాను. నలిపి బెల్లంలో పెట్టి మింగించు" అన్నాను.

"నీ బిళ్ళలు నువ్వే మింగు. ముందు నీ జొరం నువ్వు తీసుకో."

"నాకు జ్వరం లేదక్కా!"

"లేకుంటే కట్టుకునేదానికి నీకు భయమేంది?" అంటూ ఆ పుల్ల నా వైపు చాపింది.

ఎంత సూటిగా అడిగిందో చూడండి. నాకు నమ్మకం లేదు. నమ్మకం లేనప్పుడు అది ఉత్త గుడ్డ, నా చీర ముక్క, నేనే ఉతికి ఆరేసుకున్న చీర. అయినా నా చెయ్యి ముందుకు రాలేదు. ఒకవైపు నాయన మొహం కనిపించింది, ఒకవైపు పెద్ద టీచరమ్మ. ఉపదేశి కూతురు చేతికి జ్వరం పేలిక కట్టుకుందని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, నాయన తలెత్తుకుని తిరగలేడు. అవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. అసలు కారణం, ఆ పుల్ల కొసన ఆడుతున్న నా సొంత గుడ్డను చూస్తే నాకు నిజంగానే భయం వేసింది.

పాప ఒక మూలుగు మూలిగింది. నేను కళ్ళు మూసుకుని పేలిక అందుకున్నాను. "ఇది కట్టుకుంటే బిళ్ళ మింగిస్తావా?" అన్నాను.

"మింగిస్తా. పాప లేసి తిరిగేదాకా నువ్వు విప్పగూడదు."

"విప్పను."

కుడిచేత్తో ఎడమ జబ్బకు కట్టుకోవడం రాక పంటితో ముడి లాగాను. ఎవరూ సాయం రాలేదు. రారు కదా. కట్టుకోగానే వాళ్ళంతా ఒక్కసారిగా దూరం జరిగారు. దారి దొరికింది. ఆ సాయంత్రం కట్ట మీద పరిగెత్తినంత వేగంగా గేదెను చూసినప్పుడు కూడా పరిగెత్తలేదు. క్వినైను సీసా పట్టుకుని మళ్ళీ అంతే వేగంగా వెనక్కి వచ్చాను.

మర్నాడు మిగతా పేలికలన్నీ విప్పుకొచ్చి వంటింటి పొయ్యిలో వేశాను. ఒక్కో ముడి దగ్గరా ప్రార్థన చెప్పుకుంటూ విప్పాను. పిల్లలు మాత్రం పేలికలు లేకపోయినా ఎవరి చెట్టు వాళ్ళు ఇట్టే గుర్తుపట్టారు. ఆ పేలికలన్నీ నేను ఎందుకు కట్టానో ఆ దేవుడికే తెలియాలి.

జబ్బ పేలిక కనబడకుండా మోచేతి దాకా చేతులున్న రవికలు వేసుకునేదాన్ని. ప్రార్థనలో నాయన నా తల మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఎడమ చెయ్యి ఒంటికి అదుముకునేదాన్ని. రోజూ తోటకు వెళ్ళి బిళ్ళ ఇచ్చి వచ్చేదాన్ని. పాపకు ఒక వణుకు తప్పింది. ఇంకోటీ తప్పింది. ఒక పొద్దున వెళ్ళేసరికి ఆ బొమ్మను చంకన పెట్టుకుని జామచెట్టు చుట్టూ తిరుగుతోంది. నా ప్రాణం కుదుటపడింది. ఆమె నా వైపు చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇక విప్పేయవచ్చు. కానీ నేను విప్పలేదు. ఇవాళ స్నానం అయ్యాక విప్పుదాం అనుకునేదాన్ని, రేపు విప్పుదాం అనుకునేదాన్ని. చెట్లకున్నవి ఉత్త గుడ్డలు, ఇది పాప జ్వరం చూసిన గుడ్డ. ముడి మీద చెయ్యి వేయగానే, ఎవరు విప్పితే వాళ్ళకు అన్న మాట చెవిలో వినిపించేది. నమ్మను నమ్మను అంటూనే దాన్ని మోసుకు తిరిగాను.

వానలు మొదలయ్యాక నాకే వచ్చింది జ్వరం. రాక ఏం చేస్తుంది, రోజూ చెరువు కింద ఆ దోమల్లో నడిచినదాన్ని. అదంతా బుద్ధికి తెలుసు. కానీ ఒళ్ళు వణుకుతున్నప్పుడు బుద్ధి ఎక్కడుంటుంది? ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం కిర్రుకిర్రుమంటూ ఊగేది. వణుకు పోయి మంట వచ్చిన ఒక మధ్యాహ్నం, నాయన తడిగుడ్డతో చేతులు తుడుస్తూ రవిక చెయ్యి పైకి మడిచాడు. పేలిక బయటపడింది.

ఆయన చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. నేను జరిగిందంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. "విప్పి పారెయ్యి తల్లీ" అన్నాడు. "నాకు భయం నాయనా" అన్నాను, చిన్నపిల్లలా ఏడుస్తూ. ఆయన చెయ్యి ముడి దాకా వచ్చింది. అక్కడే ఆగింది. జీవితమంతా ఇటువంటివి నమ్మొద్దని ఊరూరా చెప్పిన మా నాయన వేళ్ళు ఆ ముడి మీద ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను. ఆయన ప్రార్థన చేస్తానని మోకరించాడు.

అప్పుడే గడపలో అలికిడి అయింది. తోట ఆమె. చేతిలో జామకాయల గంప, తడిసిన చీర. నాకు జ్వరమని పిల్లలెవరో చెప్పారట. గంప దించి తిన్నగా మంచం దగ్గరకు వచ్చింది. నా మొహం చూసింది, జబ్బ చూసింది.

"పాప లేసినంక విప్పుకోమంటి గదమ్మా. ఇంకా మోస్తాండావా?" అంది.

నేను జవాబు చెప్పేలోపే ఆమె వంగి ఆ ముడి మీద రెండు చేతులూ వేసింది. ఆ రోజు పుల్ల కొసన తప్ప పట్టుకోని మనిషి. "వద్దక్కా, వద్దు!" అని అరిచాను. లేవబోతే కళ్ళు తిరిగాయి. ముడి బిగుసుకుపోయి ఉంది. గోళ్ళతో రాకపోతే పంటితో లాగింది. పేలిక ఊడొచ్చింది. దాన్ని తన జబ్బకు చుట్టుకుని, కొసలు నాయన వైపు చాపి, "ముడెయ్యి నాయనా, ఒంటి చేత్తో రాదు" అంది. మోకాళ్ళ మీదున్న మా నాయన ఆమె మొహంలోకి చూసి, లేచి, ముడి వేశాడు.

"ఎందుకక్కా ఇట్లా చేశావు? చెట్టుకు కట్టేయొచ్చు కదా" అన్నాను. నిజంగా ఏడుపు ఆగలేదు.

"చెట్టుకు కడితే ఇంకో బిడ్డ విప్పదా?" అంది. గంప ఖాళీ చేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పిడుగులు పడుతున్నా నాకు వినబడలేదని నాయన తర్వాత చెప్పాడు. క్వినైను పని చేసింది. నాకు క్రమంగా తగ్గింది. తగ్గుతున్న కొద్దీ ఇంకో భయం పెరిగింది. నేను కట్టుకున్నప్పుడు నమ్మకుండా కట్టుకున్నాను, అయినా అంత భయపడ్డాను. ఆమె నమ్మి కట్టుకుంది. తనకు వస్తుందని, తప్పక వస్తుందని తెలిసే కట్టుకుంది.

లేచి నిలబడే ఓపిక రాగానే కట్ట మీదకు నడిచాను. గోరీల పక్కగా, చింతతోపులోంచి, అరటి మడుల మధ్యగా. ఆకులు కదిలితే కదిలాయి. ఎలుగుబంటి ఉంటే ఉంది. నా చూపంతా జామతోట కొట్టం మీద పొగ లేస్తోందా లేదా అన్న దాని మీదే. పొగ లేస్తోంది. ఆమె చెట్టుకు పాదు తవ్వుతోంది. జబ్బకు నీలం పేలిక. "జ్వరం వచ్చిందా అక్కా?" అని అడిగితే లేదని తల ఊపింది. కొంగున కట్టి తెచ్చిన బిళ్ళలు ఇచ్చాను. తీసుకుంది గానీ మింగిందో లేదో తెలియదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. ప్రకృతి పాఠం అన్నది నెపం. ఆ చెట్లు ఆకు రాల్చాయో చిగురు వేశాయో నేను చూడనే లేదు.

చివరికి ఆమే విసుక్కుంది. "ఏందమ్మా పంతులమ్మా, దినామూ వచ్చి నా మొగం చూసి పోతావు?"

"నీకు జ్వరం వచ్చిందేమోనని భయం అక్కా."

"రాలేదులే" అని మళ్ళీ పాదు మీదకు వంగింది. రెండు పారలు మట్టి తీసి, తల ఎత్తకుండానే అంది: "వొస్తే మాత్రం నీకు చెప్తానా? చెప్తే నువ్వొచ్చి విప్పుతావు."

పార అందుకునే నెపంతో ఆమె చెయ్యి పట్టుకున్నాను. మట్టి అంటిన ఆ చెయ్యి చల్లగానే ఉంది. మర్నాడు పొద్దున ఎట్లా ఉంటుందో చూడటానికి మళ్ళీ రావాలి అనుకుంటూ కట్ట ఎక్కాను.